విజయ కడిగిన కాలు

షుగరు చానాకాలంగా ఉన్నవాళ్లకు కాళ్ళు మొద్దుబారిపోతాయని నాకు తెలుసు. డాక్టరు చెప్పినాడు, పేపర్లో చదివినాను, మా స్త్రీల సమాజంలో ఒకసారి ఒక డాక్టరమ్మను పిలిపించి అందరికీ చెప్పించినాను కూడా. అట్లాంటిదాన్ని నేనే నా కాలి మొద్దుతనాన్ని దేవుని కృప అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, నలుగురికీ చెప్పుకున్నాను. ఇది రాస్తుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అయినా రాయాల. నాలాగా షుగరున్న ఆడవాళ్లు మన సంఘాల్లో చానామంది ఉన్నారు. నాలాగా నోరున్నవాళ్లు కూడా ఉన్నారు.

నా పేరు సుగుణ. మాది మద్రాసులో చింతాద్రిపేట, తాతల కాలం నుంచి ఈడే. స్కూల్లో టీచరుగా చేసి రిటైరయినాను, అందుకని మా తెలుగు క్రైస్తవ సంఘంలో అందరికీ టీచరమ్మను. ఇల్లు మా మామగారు కట్టింది. పైన నేనూ మా ఆయన ఉంటాము. కింద మా తోటికోడలు విజయ ఉంటుంది. నా మరిది పోయినాక ఆమె ఒక్కతే. ఒకే గేటు, ఒకే మోటారు, ఒకే మెట్లు. మాటలు మాత్రం లేవు.

ఎందుకు లేవో ముందే చెప్పేస్తాను. మరిది పోయినప్పుడు మా సంఘం నుంచి పూలదండ వచ్చింది, ఆదరణ కూడిక ఒకటి జరిగింది, అంతటితో సరి. విజయ కుట్టుపనికి పోయే కంపెనీలో పెంతెకొస్తు సంఘం ఆడవాళ్లు కొందరు ఉండేవాళ్లు. వాళ్లు సాయంత్రమయితే వచ్చి ఆమె పక్కన కూర్చునేవాళ్లు, కాఫీ పెట్టిచ్చేవాళ్లు, ఏడిస్తే ఏడవనిచ్చేవాళ్లు. ఆమె వాళ్ల వెంట పోయింది. సముద్రంలో ముంచి మళ్ళీ బాప్తీస్మం ఇచ్చినారు. వాళ్లు నగలు పెట్టుకోరని కమ్మలు తీసేసింది, గాజులు తీసేసింది. పసిబిడ్డప్పుడు మా గుడి పాస్టరు అయ్యగారి చేతుల్లో పొందిన బాప్తీస్మం చెల్లదన్నట్టే కదా అని నాకు ఒళ్ళు మండిపోయింది. సంఘ కమిటీలో లేచి అడిగింది నేనే, మళ్ళీ ముంచుకున్న మనిషికి మన బల్ల దగ్గర చోటుందా అని. రూలు ప్రకారం లేదు. బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు భోజనానికి ఆమెను పిలవకూడదని తీర్మానం చేసినారు. ఆ సంగతి తెలియక ఆమె ఒక పండగనాడు పాత అలవాటు కొద్దీ వచ్చి వరసలో నిలబడింది. నేను పోయి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి కూర్చోబెట్టినాను. మెల్లగానే చెప్పినాను, మర్యాదగానే చెప్పినాను. ఆ పొద్దు నుంచి మేమిద్దరం మెట్ల మీద ఎదురుపడితే ఎవరి గోడకు వాళ్లు ఒదిగి పోతాము.

మట్టల ఆదివారం

ఈస్టరుకు వారం ముందు జరిగే మట్టల ఊరేగింపులో ఈ ఏడు మన ఆడవాళ్లంతా చెప్పుల్లేకుండా నడుద్దామని స్త్రీల సమాజంలో నేనే ప్రకటన చేసినాను. ఆయన మనకోసం అంత శ్రమపడినాడు, మనం రెండు వీధులు నడవలేమా అని అడిగినాను. ఎవరూ కాదనలేదు. నేను ఏదన్నా అంటే కాదనే ధైర్యం అప్పట్లో ఎవరికీ లేదు.

అయ్యగారు ఇంకో చోట ఆరాధన ముగించుకుని వచ్చేసరికి ఎండ ముదిరింది. మద్రాసు ఎండ సంగతి చెప్పేదేముంది. తారు మెత్తబడి ఉంది. పిల్లలు మట్టలు ఊపుతూ హోసన్నా అని ముందు పోతున్నారు. ఆడవాళ్లు రెండడుగులు వేసి గోడ నీడకు పరిగెత్తేవాళ్లు, మళ్ళీ వచ్చి వరసలో కలిసేవాళ్లు. ఒకామె చీర కుచ్చిళ్లు కాళ్ల కింద వేసుకుని నిలబడింది. నేను మాత్రం రోడ్డు నడిమధ్యన, తల ఎత్తుకుని, పాట పాడుతూ నడిచినాను.

"టీచరమ్మా, మీకు కాలడం లేదా?" అని అడిగింది పక్కనున్న ఎస్తేరమ్మ.

"ఆయన తలుచుకుంటే కాలనిస్తాడా?" అన్నాను.

ఆ మాట గుడిలో పాకిపోయింది. ఆరాధన అయినాక ఇద్దరు ముగ్గురు వచ్చి నా చేతులు పట్టుకుని, మీ విశ్వాసం మాకూ రావాలి టీచరమ్మా అన్నారు. నేను వద్దనలేదు. వినబుద్ధయింది.

సాయంత్రం ఇంట్లో నడుస్తుంటే నేల మీద తడి మరకలు కనబడినాయి. కూజా కారుతోందేమో అనుకున్నాను. మా ఆయన వెనకనుంచి, "సుగుణా, అది నీ కాలే" అన్నారు. కూర్చుని తిప్పి చూసుకుంటే ఎడమ అరికాలు ముందు భాగమంతా బొబ్బ. అప్పటికే చితికిపోయి తోలు వేలాడుతోంది. నొప్పి మాత్రం ఇంతైనా లేదు. అప్పుడు అర్థమయింది నాకు, పొద్దున ఏమి జరిగిందో.

డాక్టరు దగ్గరికి పోదాం లే అన్నారు మా ఆయన. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆయనకు చెప్పలేదు. పోతే నలుగురికీ తెలుస్తుంది. టీచరమ్మ కాళ్లకు కాలింది, కానీ ఆమెకు స్పర్శ లేదు, ఇంత గొప్ప విశ్వాసమంటే ఇదేనా అని నవ్వుతారు. అదీకాక ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినట్టు గురువారం అయ్యగారు కాళ్లు కడిగే పన్నెండు మందిలో నా పేరుంది. ఆడవాళ్లకు ఆ చోటు దొరకడమే అపురూపం. మందుల షాపులో అడిగి ఏవో మాత్రలు తెచ్చుకున్నాను, కొబ్బరినూనె రాసి, పాత పంచె చింపి కట్టుకున్నాను.

రెండు రోజులకు మెట్లు దిగుతుంటే విజయ కింద మెట్లు కడుగుతోంది. మా ఇంట్లో మెట్లు కడిగేది ఎప్పుడూ ఆమే. తల ఎత్తకుండానే, "కాలికి ఏమయిందక్కా?" అనింది. ఇన్నేళ్ల తరవాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఏమీ కాలేదు" అన్నాను.

"మెట్ల మీద రసి మరకలుండాయి."

"నాది కాదు" అని చెప్పి దాటుకుని పోయినాను. ఆ ఇంట్లో మెట్లెక్కేది మేము ముగ్గురమే. ఇంకెవరిది అనుకుంటుందో అని కూడా ఆలోచించలేదు.

పరిశుద్ధ గురువారం

మీకు నవ్వొచ్చే సంగతొకటి చెప్తాను. కాళ్లు కడిగించుకోవడానికి పోయేముందు మేమంతా ఇంట్లోనే కాళ్లు బాగా తోముకుని పోతాము. సబ్బు, పీచు, మడమలకు వాజలీను, కొందరు పౌడరు కూడా. అయ్యగారి ముందు మురికి కాళ్లు చాపుతామా? పోయిన ఏడు ఒకాయన కొత్త పట్టీలు పెట్టించిన భార్య కాళ్లను తనే కడిగి తీసుకొచ్చినాడు. ఎవరమూ దాన్ని తప్పనుకోలేదు.

మా సంఘంలో కుడికాలు ఒక్కటే కడుగుతారు. నాకు అది వరమయింది. కుర్చీలో కూర్చుని కుడికాలు ముందుకు చాపినాను, ఎడమకాలు చీరకింద వెనక్కి లాక్కున్నాను. అయ్యగారు మోకాళ్ల మీద కూర్చుని చెంబుతో నీళ్లు పోసి, తువ్వాలుతో తుడిచినారు. ఆయన తల వంచినప్పుడు బట్టతల మీద చెమట కనబడింది. ఆ సమయాన నేను దేవుణ్ణి తలుచుకోలేదు. వాసన బయటికి వస్తుందేమో అని ఒకటే భయం. సెంటు కొట్టిన చేతిగుడ్డను పాదం చుట్టూ చుట్టుకుని పోయినాను.

ఈస్టరు, ఆ తరవాత

ఈస్టరు తెల్లవారి ఆరాధనకు లేవలేకపోయినాను. ఒళ్ళంతా వణుకు. మా ఆయన మంచం కిందకు వంగి, బీరువా వెనక్కి చూసి, "ఎలక చచ్చినట్టుంది" అన్నారు. నేను దుప్పటి తీసి కాలు చూపించినాను. పాదం మీదకు నలుపెక్కి ఉంది. ఆయన మొహం చూసి ఏడుపొచ్చింది. మెట్లమీదికి పరిగెత్తి ఏమని అరిచినారో తెలియదు, విజయ పైకొచ్చింది. పండగ చీర కట్టుకుని వాళ్ల గుడికి పోబోతూ ఉంది. గుమ్మంలోనే వాసన తగిలి ఒక్క క్షణం ఆగింది. తరవాత లోపలికొచ్చి నా చంకల కింద చేతులేసి లేపింది.

ఆసుపత్రిలో చాలాసేపు బల్ల మీద కూర్చోబెట్టినారు. నా చుట్టూ కట్లు కట్టిన కాళ్లే. ఒకాయనకు రెండు కాళ్లూ మోకాళ్ల దాకా లేవు. ఆయన భార్య చిప్పలో ఇడ్లీ పెట్టి తినిపిస్తూ ఏదో హాస్యమాడుతుంటే ఆయన నవ్వుతున్నాడు. వాళ్లట్లా నవ్వుతుంటే నేను మొహం తిప్పుకున్నాను. నేనూ ఇట్లా అవుతానా అని అదే ఆలోచన.

డాక్టరు చిన్నవాడు. కట్టు విప్పి చూసి అరవంలో అడిగినాడు, ఎప్పుడు మొదలయింది అని.

"మొన్న" అన్నాను. "చెప్పు కరిచింది."

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. కాలు పోయేట్టుంది, అయినా ఆ పొద్దు నాకు కాలికన్నా పేరే ముఖ్యమయింది. మా ఆయనకు అంతా తెలుసు. తెలిసి కూడా నా మొహం చూసి గమ్మునుండిపోయినారు. ఇన్నేళ్ల కాపురంలో నాకు ఎదురుచెప్పడం ఆయనకు అలవాటు లేదు.

విజయే చెప్పింది. వచ్చీరాని అరవంలో, గట్టిగా, పక్క బల్లలవాళ్లందరికీ వినబడేటట్టు. "మట్టల ఆదివారం రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచింది డాక్టర్. వారమయింది. నొప్పి తెలీదు ఆమెకు. షాపులో మాత్రలు కొని మింగింది. అబద్ధం చెప్తోంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మనిషిని అక్కడే నమిలేద్దామన్నంత కోపమొచ్చింది. డాక్టరు నన్నేమీ అనలేదు. ఆ మాత్రలేవో అడిగి తెలుసుకుని, లోపలికెవరినో పిలిచి గబగబా ఏవో చెప్పినాడు. మోకాలి కింద తీయాల్సి రావచ్చు, ముందు చేయగలిగింది చేస్తాం అని మా ఆయనతో అన్నాడు. ఆ ఆలస్యం తెలియకపోయుంటే మందు వేరేదిగా ఇచ్చుండేవాళ్లమని తరవాత ఒకరోజు చెప్పినాడు. అంటే నా కాలు నిలబడింది, నేను నమిలేద్దామనుకున్న ఆ నోటివల్లే.

చిటికెన వేలు, దాని పక్క వేలు పోయినాయి. మిగతా కాలు ఉంటుందో పోతుందో చానారోజులు చెప్పలేదు. పొద్దున డాక్టర్లు గుంపుగా వచ్చి కట్టు విప్పేవాళ్లు. వాళ్ల మొహాలు చూసి ఈ పొద్దు ఉంచుతారా తీస్తారా అని లెక్కేసుకునేదాన్ని. ప్రార్థన చేద్దామంటే మాట రాదు. ఊరందరి ఇళ్లల్లో గడగడా ప్రార్థన చేసిన నోరు ఇది. కాలు తీయొద్దు, కాలు తీయొద్దు, అంతకుమించి నాకేమీ రాలేదు.

మా స్త్రీల సమాజం వాళ్లు వచ్చినారు, షుగరు మనిషికి ద్రాక్షపళ్లు, హార్లిక్సు తీసుకుని. మంచం చుట్టూ నిలబడి పాట పాడినారు. ఎస్తేరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, పాపం, ఆమె తప్పేముంది. వాళ్లు వస్తున్నారని దూరం నుంచి చూసి వార్డు ఆయమ్మ ఒకామె గబగబా వచ్చి కొత్త దుప్పటి తెచ్చి నా కాలు మీద కప్పేసింది. నేనడగలేదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు. వాళ్లు పోయినాక వచ్చి మళ్ళీ తీసేసింది, గాలి తగలాలమ్మా అని.

"ఎట్లయింది టీచరమ్మా?" అని అందరూ అడిగినారు. షుగరుది కదా, ఉన్నట్టుండి వచ్చేసింది అని చెప్పినాను.

ఇంట్లో

కాలుతోనే ఇంటికొచ్చినాను. రోజూ కట్టు విప్పి, పుండు కడిగి, మళ్ళీ కట్టాలి. మా ఆయన మొదటి రోజు ప్రయత్నం చేసి, చూడలేక, వాకిట్లోకి పోయి కక్కుకున్నారు. మా కూతురు వచ్చి వారం ఉండి చేసింది, ఉద్యోగం కదా, పోయింది. ఇంటికొచ్చే నర్సు కొన్నాళ్లు వచ్చి మానేసింది. ఆ మర్నాడు పొద్దున తలుపు చప్పుడయింది. విజయ చేతిలో కాచి చల్లార్చిన నీళ్లు. ఆసుపత్రిలో నర్సమ్మ చేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకుందంట. కంపెనీకి పోయే ముందు చేసి పోతాను అనింది.

వద్దనాలనే ఉండింది. కాలు కుళ్ళితే మళ్ళీ ఆసుపత్రి. ఇక దారి లేక చాపినాను.

నేల మీద కూర్చుని నా కాలు తన ఒళ్లో పెట్టుకుంది, గుడ్డ విప్పింది. ఆ వాసనకు ఆమెకు కూడా కడుపు తిప్పింది. లేచి పోయి, మొహం కడుక్కుని, మళ్ళీ వచ్చి కూర్చుంది. పుండు కడుగుతూ నోట్లోనే, "స్తోత్రం, స్తోత్రం" అంటోంది. నాకు ఆ పెంతెకొస్తు స్తోత్రాలంటే ముందునుంచీ చిరాకు.

కట్టు కట్టినాక అడిగింది. "ప్రార్థన చేయనా అక్కా?"

"మనసులో చేసుకో" అన్నాను.

అన్నాను. నా కాలు ఆమె ఒళ్లోనే ఉంది అప్పుడు. ఆ మాట ఎట్లా వచ్చిందో నా నోట్లోనుంచి. ఆమె సరే అని కళ్లు మూసుకుంది. ఆ పొద్దునుంచి రోజూ కట్టు కట్టినాక కాసేపు కళ్లు మూసుకుని, పెదాలు కదలకుండా, కూర్చుని పోయేది. ఒక్కరోజు కూడా గట్టిగా చేయలేదు, నన్ను మళ్ళీ అడగలేదు. ఎండలు పోయినాయి, పెంతెకొస్తు పండగ పోయింది, స్కూళ్లు తెరిచినారు, వానలు మొదలయినాయి. నేను మాత్రం నువ్వు గట్టిగానే చేసుకో విజయా అని ఒక్కసారి అనలేకపోయినాను. ప్రతి పొద్దూ అందామనుకునేదాన్ని. ఆమె మెట్లు దిగి పోయినాక అయ్యో అనుకునేదాన్ని.

ఒకరోజు మనసు ఆగక, "విజయా, నీది ప్రేమగల మనసు. నేను అంత చేసినా నన్ను ఇంత ప్రేమగా చూస్తున్నావు" అన్నాను.

ఆమె చేతిలో దూది ఆగింది. "నువ్వంటే నాకు ప్రేమ లేదక్కా" అనింది. "అబద్ధమెందుకు? పొద్దునలేస్తే నీ మొహం చూడాలంటే నాకు కష్టంగా ఉంటాది. ఆ పొద్దు నా చెయ్యి పట్టి లాక్కొచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టినావే, ఆ చెయ్యి ఇప్పటికీ మండతాది. ఆ మెట్లకాడ నిలబడి రోజూ ప్రభువుతో కొట్లాడతాను, ఈ పొద్దు పోను అని. పొమ్మంటాడు. వస్తా ఉండాను. అంతే."

"ఇష్టం లేకుండా చేస్తే ఫలమేముంది?" అన్నాను. టీచరు బుద్ధి పోలేదు.

"ఇష్టమైతేనే చేయమన్నాడా ఆయన?" అని కాలు తిప్పి అడుగువైపు కడగడం మొదలుపెట్టింది.

ఆమె ప్రేమగా చేస్తోందనుకున్నన్నాళ్లు నేను కాస్త ధైర్యంగా ఉండినాను, ఏదోలే, ఆమె మెత్తని మనిషి, ఆమెకు సులువు అని. సులువు కాదని తెలిసినాక తల ఎత్తలేకపోయినాను. నేను సంఘంలో ఇన్నేళ్లు చేసిన పనుల్లో నాకు ఇష్టం లేని పని ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాను. పాట, ప్రార్థన, ప్రసంగం, ఊరేగింపు, అన్నీ నాకు ఇష్టమైనవే. నాకు చప్పట్లు తెచ్చినవే.

కృతజ్ఞత కూడిక

పుండు మానింది. లోపల దూది పెట్టిన చెప్పు వేసుకుని నడవొచ్చు అన్నాడు డాక్టరు. మా ఆయన సంతోషం పట్టలేక ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టినారు. అయ్యగారు వచ్చినారు, సంఘం సగం వచ్చింది. మేడ మీద షామియానా వేసి బిరియానీ వండించినాము. మా దగ్గర పద్ధతి ఏమంటే, బాగయిన మనిషి లేచి సాక్ష్యం చెప్పాలి. దాని తరవాతే భోజనాలు.

విజయను పిలిచినాను. వచ్చింది. ముందు కుర్చీల్లో కూర్చోలేదు, వెనక గిన్నెల దగ్గర నిలబడి విస్తరాకులు తుడుస్తోంది.

నేను లేచినాను. చెప్పాలనే లేచినాను, ఒట్టు. కాలు చచ్చేదాకా దాచుకున్నదీ, డాక్టరుతో అబద్ధమాడిందీ, ఎవరు కడిగినారో, అంతా వరసగా మనసులో పెట్టుకుని లేచినాను. ఎదురుగా కమిటీవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎస్తేరమ్మ నన్నే చూస్తోంది. నోరు తెరిస్తే ఎప్పటి మాటలే వచ్చినాయి. శోధన వచ్చింది, ప్రభువు విడిపించినాడు, అయ్యగారి ప్రార్థనలు, డాక్టర్ల చేతులు. "ఇంట్లోవాళ్లు కూడా చానా కష్టపడి చూసుకున్నారు" అన్నాను. ఇంట్లోవాళ్లు! అందరూ మా ఆయనవైపు తిరిగి చూసినారు. ఆయన తల వంచుకున్నారు. చప్పట్లు కొట్టినారు. విజయ విస్తరాకులు తుడుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె రావాల్సిన పని లేదు. అయినా వచ్చి, కొత్త చెప్పు ఎక్కడన్నా ఒరిసిందేమో చూపించు అనింది. చూసి, ఏమీ లేదులే అని లేచింది.

"విజయా, నిన్న నీ పేరు చెప్పలేదు నేను."

"విన్నాను."

"నోరు రాలేదు."

"నా పేరు చెప్తే నాకేమొస్తాదిలే అక్కా" అని బుట్ట తీసుకుని కంపెనీకి పోయింది. కోపంగా కూడా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆగమన కాలం

ఆగమన కాలంలో మొదటి ఆదివారం, క్రిస్మసుకు ఇంకా నాలుగు వారాలుంది. పుండు మానినాక నేను గుడికి నడిచిపోయిన మొదటి రోజు కూడా అదే. ఆ పొద్దు ప్రభు భోజనం ఉంది. పోకుండా నిలిచిన నా కాలితో నేను బల్లదాకా నడుస్తుంటే చూడాలని అందరికీ ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. వెనక బెంచీల్లో పిల్లలు కూడా మెడలు చాపి చూస్తున్నారు.

మా వరస వచ్చింది. మా ఆయన లేచినారు. నేను లేవలేదు.

"లే సుగుణా" అన్నారు మెల్లగా. "అందరూ చూస్తున్నారు."

"మీరు పోండి" అన్నాను.

ముందుగా అనుకుని చేసింది కాదు. లేద్దామనే చేతికర్ర పట్టుకున్నాను. బల్ల దగ్గర మోకరించిన వరసను చూసినాను, ఆ వరసలోంచే కదా ఆమెను లాక్కొచ్చింది అనుకున్నాను. ఇక లేవబుద్ధి కాలేదు. ఆయన కాసేపు నిలబడి, చేసేది లేక పోయినారు. వరసలన్నీ అయిపోయినాయి.

మా సంఘంలో నడవలేనివాళ్లు ఉంటే చివర్లో అయ్యగారే రొట్టె, పాత్ర తీసుకుని వాళ్ల దగ్గరికి దిగి వస్తారు. పాపం, ఆయన నా కాలు నొప్పి పుట్టిందనుకున్నారు. అందరూ అట్లే అనుకున్నారు. ఆయన బల్ల దిగి, నడవలో నడుచుకుంటూ నా దగ్గరికే వచ్చినారు. నా ముందు వంగి, ఎంతో ప్రేమగా, "చెయ్యి చాపండి టీచరమ్మా" అన్నారు.

తీసుకుంటే అయిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. మళ్ళీ చప్పట్లే.

"కాలు బాగుందయ్యా" అన్నాను. మొదట ఆయనకు వినబడలేదు. మళ్ళీ చెప్పినాను, ఈసారి గట్టిగా వచ్చింది. "కాలు బాగుందయ్యా. నడవగలను. ఈ కాలు ఆరునెలలు కడిగింది మా విజయ. ఆమెను ఈ బల్ల దగ్గరనుంచి పంపించేసింది నేను. ఎండలో నడిచినప్పుడు నాకు కాలలేదంటే అది కృప కాదు, షుగరు. పుండు మీ అందరికీ తెలియకుండా దాచిపెట్టినాను. ఆమెను మళ్ళీ పిలిచేదాకా నేను తీసుకోను."

అయ్యగారు రొట్టె పట్టుకుని అట్లే నిలబడిపోయినారు. ఆయన ఏమంటారు? రూలు ఆయన చేసింది కాదు. "తరవాత మాట్లాడదామమ్మా" అని వెనక్కి పోయినారు. ఎస్తేరమ్మ నావైపు చూడలేదు. స్త్రీల సమాజం ప్రెసిడెంటుగా వేరే ఎవరినన్నా చూసుకుంటామని ఆ వారమే కబురొచ్చింది. సరేనన్నాను. వాళ్లను తప్పుపట్టను, నేనయినా అదే చేసుండేదాన్ని.

విజయకు ఎవరో చెప్పినట్టున్నారు. ఆ ఆదివారం సాయంత్రమే పైకొచ్చి నడుమున చేతులు పెట్టుకుని నిలబడింది. "బుద్ధుందా నీకు? ప్రభు భోజనం వదిలేస్తారా ఎవరైనా? నేనడిగినానా? మా సంఘంలో నాకు బల్ల లేదా?"

"నీకుంది" అన్నాను. "నాకే లేకుండా పోయింది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను తప్పు చేస్తున్నానని ఆమె ఇప్పటికీ అంటుంది. ఆమె రెండో బాప్తీస్మం తప్పని నేనూ ఇప్పటికీ అంటాను. కమిటీ ఈ సంగతి ఇంకా తేల్చలేదు, పండగల తరవాత చూద్దామన్నారు.

షుగరున్న అక్కచెల్లెళ్లకు నేను చెప్పేది ఒకటే. రోజూ అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకోండి. మీకు కనబడకపోతే ఇంట్లో ఎవరినన్నా చూడమనండి, మాటల్లేనివాళ్లనయినా సరే అడగండి. నేను అడగలేకపోయినాను, రెండు వేళ్లు పోగొట్టుకున్నాను. అవి పోయినందుకు నాకు బాధ లేదు. మిగతాదాని గురించి ఈ సిగ్గు మాత్రం పోయేటట్టు లేదు, పోవాలని కూడా అడగడం లేదు.

మొన్న మళ్ళీ ప్రభు భోజనం వచ్చింది. మా ఆయన లేచి, నేను వస్తానేమో అని కాసేపు నిలబడి, ఒక్కరే పోయినారు. ఈసారి అయ్యగారు దిగి రాలేదు, పళ్లెం పట్టుకుని అక్కడినుంచే నావైపు చూసినారు. నేను కాళ్లు రెండూ నేల మీద ఆనించి, తల వంచుకుని, అట్లే కూర్చున్నాను.